మన ఇంటి పెద్దల ‘కంట్రోలు కాలం’ యాదిని రాసి పెట్టుకోవడం ఎలా?

హైదరాబాదులో తొంభై ఏళ్ళకు అటూ ఇటూగా ఉన్న పెద్దలు రెండు కరవులను ఒకదాని వెంట ఒకటి చూసినవారు. మొదటిదానికి కారణం 1939 సెప్టెంబరులో మొదలై 1945లో ముగిసిన రెండో ప్రపంచ యుద్ధం. రెండోదానికి కారణం, నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలవడానికి ముందు 1948లో సరిహద్దుల దగ్గర సరుకులు ఆగిపోవడం. అప్పుడు చిన్నపిల్లలుగా ఉన్నవారి మాటల్లో ఈ రెండూ కలిసిపోయి, సరుకులు రేషను మీదనే దొరికిన ఒకే ‘కంట్రోలు కాలం’గా వినిపిస్తాయి. ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఏం వండుకున్నారో, ఏం కట్టుకున్నారో, ఏ సినిమాకు పోయారో, దూరదేశపు వార్త గల్లీ దాకా ఎలా చేరిందో రాసి పెట్టుకోవాలనుకునే మనవలకూ మనవరాళ్ళకూ పనికివస్తుందని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందులో చాలా భాగం నేను పొరపాట్లు చేసి నేర్చుకున్నదే.

తేదీలు కాదు, వస్తువులు అడగాలి

మొదటిసారి మా అమ్మమ్మ ముందు ఫోను పెట్టి, “రెండో ప్రపంచ యుద్ధం జరిగేటప్పుడు పట్నంల ఎట్లుండె అమ్మమ్మా?” అని అడిగాను. “యుద్ధం మన దిక్కు యాడైంది బిడ్డా, అది దొరలది గదా” అని ఆమె ఆ సంగతి అక్కడికి ముగించింది. నాలుగు రోజుల తరువాత వంటింట్లో చాయ్ పెడుతూ, చక్కెర డబ్బా అడుగున చెంచాతో గీకుతూ, “కంట్రోలున్నప్పుడు గిట్లనే గీకుతుంటిమి” అని తనంతట తానే మొదలుపెట్టి గంటసేపు చెప్పింది. అప్పుడు నా ఫోను పక్క గదిలో ఉంది. ప్రశ్నను చరిత్ర పుస్తకంలోంచి కాకుండా వంటింట్లోంచి తీసుకోవాలని నాకు ఆ రోజు అర్థమైంది.

కాబట్టి కూర్చునే ముందు మీరు రాసుకోవలసినది ప్రశ్నల పట్టిక కాదు, వస్తువుల పట్టిక. దీపాల్లో పోసే గ్యాసునూనె, చక్కెర, ఉప్పు, అగ్గిపెట్టె, ధోతీ, చీర, చిల్లర పైసలు, క్వినైన్ మాత్రలు, రేడియో, సినిమా, బస్సు: ఈ పది పదకొండు చాలు. ఇంట్లో పాత కందిలి గానీ, ఇత్తడి సోల గానీ, పెట్టె అడుగున మిగిలిన నిజాం నాటి రూపాయి, హాలీ సిక్కా గానీ ఉంటే తెచ్చి చేతికి ఇవ్వండి. చేతిలో వస్తువు ఉన్నప్పుడు వచ్చే మాట వేరుగా ఉంటుంది.

ఒక్కో వస్తువు వెనుక ఉన్న కారణం మీకు ముందే తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే కారణం తెలిసినవారికే తరువాతి ప్రశ్న తడుతుంది. 1942 మార్చిలో రంగూన్ జపాను సైన్యం చేతికి పోయింది. బర్మా నుంచి మన దేశానికి వచ్చే బియ్యంతో పాటు అక్కడి నూనె బావుల నుంచి వచ్చే గ్యాసునూనె కూడా దానితో ఆగిపోయింది. కాచిగూడలో ఒక ఇంట్లో సాయంత్రం కందిలి వత్తి తగ్గించి పెట్టుకోవడానికీ, పిల్లలు ఒకే దీపం చుట్టూ కూర్చుని చదువుకోవడానికీ కారణం అంత దూరాన ఉంది. అదే నెలలో జావా దీవి కూడా జపాను వశమై, ప్రపంచానికి క్వినైన్ ఇచ్చే సింకోనా తోటలు అందకుండా పోయాయి, అందుచేత “చలిజ్వరం వస్తే ఏం మందు ఇచ్చేవారు?” అన్న ప్రశ్న ఇంటి వైద్యం గురించే కాక యుద్ధం గురించి కూడా అవుతుంది. మిల్లుల నేతలో పెద్ద భాగం సైన్యం అవసరాలకు పోవడం వల్ల మామూలు బట్ట దొరకలేదు. పెళ్ళి బట్టలు ఎట్లా కుదిరాయో, ఒక చీరను ఎందరు కట్టారో, పాత ధోతీతో ఏమేమి కుట్టారో అడగండి. ఆడవారు ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులు మగవారు రాజకీయాల గురించి చెప్పేవాటికంటే ఎప్పుడూ నిండుగా ఉంటాయని నా అనుభవం.

తిండి గురించి అడిగేటప్పుడు ‘అన్నం’ అన్న మాటతో మొదలుపెట్టవద్దు. తెలంగాణ ఇళ్ళల్లో చాలామందికి నిత్యం ఉండేది జొన్నరొట్టె, జొన్నగటక, తైదంబలి (రాగి అంబలి). బియ్యం కరవు అందరినీ ఒకే తీరుగా తాకలేదు. పల్లెల్లో భూమి ఉన్నవారికి సర్కారుకు తప్పక ఇవ్వవలసిన లెవీ ధాన్యం బాధ, పట్నంలో నెలజీతం మీద బతికేవారికి దుకాణం ముందు వరుస బాధ. మీ పెద్దలు ఆ కాలంలో ఊళ్ళో ఉన్నారా, పట్నంలో ఉన్నారా అన్నది తేల్చుకోకుండా రాస్తే, ఒకరి కష్టం ఇంకొకరి నోట పెట్టినట్లవుతుంది. నేటికీ మన దిక్కున రేషన్ దుకాణాన్ని ‘కంట్రోల్ దుకాణం’ అనీ, అక్కడి బియ్యాన్ని ‘కంట్రోల్ బియ్యం’ అనీ అంటాం కదా. ఆ మాట మనకు ఈ యుద్ధం నుంచి మిగిలిన సొత్తే.

అయితే కరవు ఒక్కదాని వెంటే పోవడం కూడా సరికాదు. యుద్ధం కొన్ని ఇళ్ళకు కొలువులు ఇచ్చింది. ఆల్విన్ కర్మాగారం 1942లో, ప్రాగా టూల్స్ 1943లో వచ్చాయి. బేగంపేటలో విమానం నడపడం నేర్పే శిక్షణ పాఠశాల నడిచింది. సికింద్రాబాదు కంటోన్మెంటు సైనికులతో నిండి, దర్జీలకూ చాకలివారికీ గుత్తేదార్లకూ చేతినిండా పని దొరికింది. “అప్పుడు మన ఇంట్లో ఎవరికి కొత్తగా నౌకరీ వచ్చింది?” అని కూడా అడగండి. యుద్ధం మీద ఫిర్యాదు లేని ఇల్లు కూడా ఉంటుందని అప్పుడు తెలుస్తుంది.

ఏ లడాయి?

పెద్దలు ‘లడాయి’ అన్నప్పుడు అది 1939–45 నాటిదే అని తీసుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. 1962, 1965, 1971 యుద్ధాలు కూడా వారి కళ్ళ ముందే జరిగాయి. వాటిని విడదీయడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నాయి. నగలు తీసి రక్షణ నిధికి ఇచ్చామంటే అది 1962లో చైనాతో జరిగిన యుద్ధం. సోమవారం రాత్రి భోజనం మానేశామంటే అది 1965లో లాల్ బహదూర్ శాస్త్రి ఇచ్చిన పిలుపు. మాటల్లో ‘నయా పైసలు’ వస్తే సంగతి 1957 ఏప్రిల్ 1కి తరువాతిది. నడుమ చిల్లి ఉన్న రాగి పైసా వస్తే అది బ్రిటిష్ ప్రభుత్వం 1943 నుంచి 1947 వరకు లోహం ఆదా కోసం అచ్చు వేసినది. ‘అమెరికా గోధుమలు’ అన్నప్పుడు మాత్రం తొందరపడవద్దు: పెద్ద ఎత్తున అవి వచ్చింది 1956 ఒప్పందం తరువాతే అయినా, 1951లో కూడా ఒక విడత వచ్చాయి.

యుద్ధకాలానికే చెందిన మరొక ఆనవాలు బంధువుల రాక. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే నెలలో మద్రాసు నగరం సగం ఖాళీ అయింది. తీరం వదిలి వచ్చిన చుట్టాలు మీ ఇంట కొన్ని నెలలు ఉన్నారా, బర్మా నుంచి నడిచి వచ్చినవారిని ఎవరైనా చూశారా అని అడిగితే, ఏడాది దానంతట అదే తేలుతుంది. వయసు లెక్కకు హైదరాబాదులో పనికివచ్చే మేకులు నాలుగైదు ఉన్నాయి: 1937 ఫిబ్రవరిలో జరిగిన నిజాం రజతోత్సవం, దాన్ని అందరూ ‘జూబిలీ’ అనే అంటారు, 1948 జనవరి 30న గాంధీ హత్య, అదే ఏడాది సెప్టెంబరులో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన పోలీసు యాక్షన్, 1952 మొదటి ఎన్నికలు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబరు 1. “జూబిలీ నాటికి నడుస్తుంటివా, ఎత్తుకునేవారా?” అన్న ప్రశ్నకు తొంభై ఏళ్ళ మనిషి కూడా నవ్వుతూ జవాబు చెబుతారు. 1947 ఆగస్టు 15 మాత్రం ఇక్కడ మేకుగా పనికిరాదు, ఆ రోజుకు మన నగరం భారతదేశంలో లేదు.

రేడియో, సినిమా

ఇంట్లో రేడియో ఉన్నవారు ఆ రోజుల్లో తక్కువ. అందుచేత “రేడియో విన్నారా?” అని కాక “రేడియో ఎక్కడ విన్నారు?” అని అడగాలి. ఇరానీ హోటల్లోనా, దేవిడీలోనా, పక్కింటి వకీలు గారి వరండాలోనా అన్నది తెలిస్తే వార్త ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది. నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉర్దూతో పాటు తెలుగులోనూ కార్యక్రమాలు ఇచ్చేది. చాటుగా వినేది వేరే ఉండేది: జర్మనీ నుంచి సుభాష్ చంద్రబోసు మాట. బోసుతో పాటు 1943లో జలాంతర్గామిలో ప్రయాణం చేసిన ఆబిద్ హసన్ మన హైదరాబాదు మనిషే. ‘జై హింద్’ అన్న పలకరింపును పుట్టించినవాడుగా ఆయనకే పేరు. ఈ ఒక్క సంగతి చెబితే, అంతవరకు ముక్తసరిగా మాట్లాడిన మా పెద్దనాయన ఒకాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

సినిమా తేదీ పట్టుకోవడానికి చాలా మంచి సాధనంలాగా కనిపించి మోసం చేస్తుంది. ‘భక్త పోతన’ 1943లో వచ్చింది, ‘బాలరాజు’ 1948లో, ‘పాతాళ భైరవి’ 1951లో. కాని మొదటి విడుదల తేదీ మనకు చెప్పేది “ఇంతకు ముందు చూసి ఉండరు” అన్నంతవరకే. ఆ రోజుల్లో ప్రింట్లు ఊరూరా తిరిగేవి, ఆడిన సినిమాలే ఏళ్ళ తరువాత మళ్ళీ ఆడేవి. కాబట్టి సినిమా పేరు రాసుకున్న వెంటనే టికెట్టు ఏ పైసల్లో కొన్నారో, ఎవరితో పోయారో, జట్కాలో పోయారా కాలినడకన పోయారా, ఆడవారికి పరదా కట్టిన జాగా ఉండేదా అని అడగండి. ఫిల్ము కరవు వల్ల యుద్ధకాలంలో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం సినిమా నిడివిని 11,000 అడుగులకు కుదించింది. ఆటకు ముందు యుద్ధ వార్తాచిత్రాలు వేయాలని కూడా నియమం పెట్టింది. అయితే బ్రిటిష్ ఇండియా నియమం ప్రతిదీ నిజాం రాజ్యంలో అట్లాగే నడిచిందని అనుకోకూడదు. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఒక తీరు, మూసీ అవతల ఇంకొక తీరు ఉండే రోజులవి. ఈ హెచ్చరిక సినిమాకే కాదు, రేషనుకూ పత్రికలకూ నాణేలకూ వర్తిస్తుంది.

మూడు పంచాంగాలు, రెండు రూపాయలు

పెద్దలు చెప్పినదానికి తోడు ఇంట్లో ఒకటో రెండో కాగితాలు దొరుకుతాయి: రసీదు, అమ్మకపు దస్తావేజు, బడి సర్టిఫికెట్టు, జాతకం. వాటి మీది తేదీ చదవడం రానివారు ఈ పనిలో చాలా నష్టపోతారు కనుక ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

నిజాం సర్కారు కాగితాల మీద ఉండేది ఫసలీ సంవత్సరం. దాని మొదటి నెల ఆజూర్ అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆ తరువాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్ వరుసగా వస్తాయి. ఫసలీ అంకెకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 590, జనవరి నుంచి సెప్టెంబరు వరకు 591 కలిపితే మన సంవత్సరం వస్తుంది. రసీదు మీద ‘అమర్దాద్ 1353’ అని ఉంటే, అమర్దాద్ తొమ్మిదో నెల కనుక అది సుమారుగా జూన్ నెల, 1353కు 591 కలిపితే 1944. మద్రాసు రాష్ట్రపు దస్తావేజుల్లో కూడా ఫసలీ ఉంటుంది గానీ అక్కడ ఏడాది జూలై 1న మొదలవుతుంది. ఒక ముత్తాత ఖమ్మం వైపు, ఇంకొకరు బెజవాడ వైపు ఉన్న కుటుంబాలు ఈ తేడా మరచిపోతే మూడు నెలల పొరపాటు వస్తుంది.

నాణేల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే చాలావరకు సరిపోతుంది: 1361 హిజ్రీ 1942 అవుతుంది. జాతకాల్లో, ఇంటి లెక్కల పుస్తకాల్లో తెలుగు సంవత్సరాల పేర్లు ఉంటాయి. యుద్ధం మొదలైంది ప్రమాదిలో. ఆ తరువాత విక్రమ, వృష, చిత్రభాను, స్వభాను, తారణ గడిచి పార్థివలో ముగిసింది. వ్యయ, సర్వజిత్తు దాటి సర్వధారిలో పోలీసు యాక్షన్ జరిగింది. తెలుగు సంవత్సరం ఉగాది నాడు మొదలవుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టినవారి లెక్క వేసేటప్పుడు ఒక ఏడాది వెనక్కి చూసుకోవాలి.

ఇక ధరలు. పెద్దలు “రూపాయికి ఇన్ని సేర్లు” అన్నప్పుడు ఏ రూపాయి అని అడగకుండా రాయవద్దు. చార్మినారు బొమ్మ ఉన్న హాలీ సిక్కా నిజాంది. బ్రిటిష్ వారి రూపాయిని ఇక్కడ కల్దారు అనేవారు. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ సిక్కా లెక్క (పై అంటే అణాలో పన్నెండో వంతు). సులువుగా గుర్తుంచుకోవాలంటే ఏడు హాలీలు ఆరు కల్దార్లు. 350 హాలీల జీతం 300 కల్దార్లకు సమానం. 1950 తరువాత కూడా కొంతకాలం రెండూ చెలామణిలో ఉన్నాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు అన్న పాత లెక్క రెండింటికీ ఒకటే. సేరు, మణుగు, సోల, మానిక వంటి కొలతలను కిలోల్లోకి మార్చకుండా వారు చెప్పిన మాటలోనే రాయండి. ఒక్కో ప్రాంతంలో ఒక్కో కొలత ఉండేది కనుక మీరు మార్చిన లెక్క తప్పయితే అసలు మాట కూడా పోతుంది.

1948 దగ్గర ఆగి నడవండి

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. అంతకు ముందు నెలల్లో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్ల భయంతో ఇళ్ళు వదిలి సరిహద్దు దాటి బెజవాడ, షోలాపూరు వైపు పోయిన కుటుంబాలు ఉన్నాయి; ఆ తరువాతి వారాల్లో ప్రాణాలు పోగొట్టుకుని, ఊళ్ళు వదిలి పట్నంలో తలదాచుకున్న ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. ఆ హింసను విచారించడానికి భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. మీరు చక్కెర గురించి అడుగుతుంటే మాట ఒక్కసారిగా ఇక్కడికి రావచ్చు. అప్పుడు ఫోను ఆపమంటారా అని అడగండి, వద్దన్నది రాయవద్దు. బతికి ఉన్నవారి పేరు, వారి పిల్లలకు ఇబ్బంది కలిగించే పేరు వస్తే దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. పక్కింటి వారిని కూర్చోబెట్టి సామూహికంగా మాట్లాడించే పద్ధతి తిండికీ సినిమాకూ బాగుంటుంది గానీ దీనికి పనికిరాదు. ఒకసారి నేను ఆ పని చేసి, ఇద్దరు పాత స్నేహితుల మధ్య ఆ సాయంత్రం మాట లేకుండా చేశాను.

సరిచూసుకోవడం

విన్నదాన్ని సరిచూసుకోవడానికి మనకు ఊళ్ళోనే చోట్లు ఉన్నాయి. సుల్తాన్ బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, అఫ్జల్‌గంజ్‌లో పూర్వపు ఆసఫియా గ్రంథాలయం, తార్నాకలో రాష్ట్ర పురాలేఖనాల కార్యాలయం. సురవరం ప్రతాపరెడ్డి 1926లో నెలకొల్పిన గోలకొండ పత్రిక, అడవి బాపిరాజు సంపాదకత్వంలో వచ్చిన తెలుగు మీజాన్ ఆ కాలపు నగరానికి దగ్గరి అద్దాలు. పత్రిక తెరిచినప్పుడు మొదటి పేజీ యుద్ధ వార్తల కంటే లోపలి ప్రకటనలు, బజారు ధరలు, సినిమా ప్రకటనలు చూడండి. మీ అమ్మమ్మ చెప్పినది అక్కడే దొరుకుతుంది. ఉర్దూ కాగితాలు చదవడానికి ఎవరినైనా తోడు తీసుకుపోవాలి. పత్రికకూ పెద్దల మాటకూ తేడా వస్తే పెద్దల మాటను కొట్టివేయవద్దు. రెండూ పక్కపక్కన రాసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు పెట్టండి.

రికార్డు చేయడం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. పొద్దున చాయ్ తరువాత, ఫ్యాను ఆపి, కుక్కరు కూతలు అయిపోయాక కూర్చోండి. నలభై నిమిషాలు దాటనివ్వవద్దు. ఫైలు పేరులో మనిషి, వాడ, తేదీ ఉండాలి. ఒక నకలు ఇంకొకరి ఇంట్లో ఉండాలి.

రాసేటప్పుడు మాత్రం శ్రద్ధ కావాలి. ‘యాది’ని ‘జ్ఞాపకం’గా, ‘పరేషాన్’ను ‘ఆందోళన’గా మార్చవద్దు. కాగితం పూర్తయ్యాక దాన్ని తీసుకుపోయి చెప్పినవారికే చదివి వినిపించండి. నేను రాసినది మా అమ్మమ్మకు చదివినప్పుడు, ‘కిరసనాయిలు’ అన్న మాట దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, “గామాట నేనెప్పుడన్న? గ్యాసునూనె అని రాయి” అంది. కొట్టివేసి గ్యాసునూనె అని రాశాను. పక్కన దిద్దిన తేదీ వేశాను.